హెక్సె కదలని చోటు

మా బవేరియా కొండల్లో బుర్గిని అందరూ కుక్కల బుర్గి అనే అంటారు. దెబ్బతిన్న జింకని అడవిలో చావుకి వదిలేయకూడదని మా దగ్గర నియమం. తూటా తగిలి జింక పారిపోయిందంటే బుర్గికి కబురెళ్తుంది. పొడుగాటి తోలుతాడుకి ఆ చివర నెత్తురు వాసన పట్టే కుక్క హెక్సె, ఈ చివర బుర్గి. "ముక్కు దానిది, నోరు నీది. నువ్వు నోరు మూసుకో," అనేది వేటగాళ్ళని. నాది మాంసం కొట్టు, దొరికిన జింకని తెచ్చే బండి కూడా నాదే. అందుకని ఆవిడ తిట్లలో నాకూ వాటా ఉండేది.

ఇంకో నియమం ఉంది. కాల్చాక వెంటపడకూడదు. నెత్తురు పడ్డ చోట దేవదారు రెమ్మ గుచ్చి, చప్పుడు చేయకుండా ఇంటికెళ్ళిపోవాలి. తరిమితే జింక కొండ దాటేస్తుంది, వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. నిదానమే ప్రధానం అన్నమాట. ఆ మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు తెల్లవారుతుండగా బెన్నో కాల్చాడు. పొగమంచులో, లేత చెట్ల మధ్య గోధుమరంగుది ఏదో కదిలిందట. పెళ్ళాం పిల్లలున్నవాడు, పద్ధతి తెలిసినవాడు. రెమ్మ గుచ్చి, ఇంటికొచ్చి, సాసేజీలు తిని, మధ్యాహ్నానికి మమ్మల్ని వెంటబెట్టుకెళ్ళాడు. దారంతా హుషారే.

"కొమ్ములు మా గుమ్మం మీద పెడతానత్తా."

"ముందు జింకని చూపించు, గుమ్మం సంగతి తర్వాత," అంది బుర్గి.

హెక్సె రెమ్మ దగ్గర వాసన చూసింది. చుట్టూ ఒకసారి తిరిగొచ్చి కూర్చుంది. బుర్గి తాడు వదులు చేసినా లేవలేదు.

బెన్నో నవ్వాడు. "ముసల్దైపోయిందత్తా. ఇంక పొయ్యి పక్కన పడుకోబెట్టు."

బుర్గి తిట్టలేదు. అప్పుడే నాకు భయమేసింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని నెత్తుటి చుక్కలు చూసింది, కుక్క మొహం చూసింది. పెదాలు తెల్లబడ్డాయి.

"ఇది జింకది కాదురా బెన్నో. మీ నాన్నెక్కడ?"

"పుట్టగొడుగులకి..." అన్నాడు.

బెన్నో నాన్న విన్‌సెంజ్ ముసలాయన గోధుమరంగు కోటు ఊళ్ళో ఎవరికి తెలీదు? హెక్సెకి మనిషి నెత్తురు పట్టదు. జింక అయితేనే అది కదులుతుంది. అందుకని చుక్కల వెంట బుర్గే నడిచింది. వెనక మేం పరిగెత్తాం.

ఎంతో దూరం లేదు. వాగు పక్కన, చెట్టు వేళ్ళ సందులో ఉన్నాడు. తొడకి బెల్టు బిగించి కట్టుకున్నాడు. పుట్టగొడుగుల బుట్ట ఒళ్ళోనే ఉంది. కేకలేసే ఉంటాడు, ఆ వాగు హోరులో ఎవడికి వినబడుతుంది? ప్రాణం లేదు. కానీ చంకలో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. పొద్దున్నే వెంటపడి ఉంటే బతికేవాడు. మా అందరికీ అది అర్థమైంది. బెన్నో తండ్రి చేతిని రెండు చేతుల్తో పట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు.

ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. ఆ పూట మాలో ఒక్కడికీ అది గుర్తు రాలేదు.

బుర్గి ఇప్పటికీ వెళ్తుంది. ఎవరైనా ఫోన్ చేస్తే మునుపు తూటా ఎక్కడ తగిలిందని అడిగేది. ఇప్పుడు అదడగదు.

"మీ ఇంట్లోవాళ్ళందరూ ఇంట్లోనే ఉన్నారా? వెళ్ళి చూసిరా, నేను ఫోన్ పట్టుకుని ఉంటాను," అంటుంది.