కుప్పం నుంచి గీత పడకుండా

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా బావ మునిరత్నం ఇంట గెలవాలంటే ముందు కుప్పం దాకా పోయి రావాల్సి వచ్చింది. తోడుకు నన్ను రమ్మన్నాడు.

సంగతేమిటంటే, కంపెనీ బస్సు తోలే ఉద్యోగం మానేసి, దారిలో ఆగిపోయిన కార్లను ఎక్కించుకుని వచ్చే లారీ ఒకటి కట్టించుకుంటున్నాడు బావ. నెలనెలా జీతమొచ్చే పని మానేశాడని కాలేజీలో పనిచేసే మా అక్క సుజాత రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. చివరికి ఒక షరతు మీద దిగొచ్చింది.

"మొదటి బండిని గీత పడకుండా తెచ్చి సూపించు. ఒక్క గీత పడినా సోమవారం పొద్దున్నే పోయి మళ్లా బస్సు తోలాల."

బావ ఒప్పుకున్నాడు. అక్క మాటకు ఒప్పుకోని మగవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు. మొదటి బండి కుప్పంలో ఇందిరమ్మగారనే రిటైరైన టీచరమ్మది, పాత తెల్ల అంబాసిడర్. దాన్ని బాగుచేయగల మెకానిక్కు మదనపల్లెలో ఉన్నాడు. నేను బళ్లో లెక్కలు చెబుతాను కాబట్టి కారు లారీ మీదికెక్కే ఏటవాలు లెక్క నాచేత వేయించాడు బావ. ఏదన్నా తేడా వస్తే పంచుకోవడానికి నేనొకణ్ణి కావాలిగా!

శనివారం ఉదయం ఆరుంబావుకు మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం, సీట్లన్నీ వాళ్లవే. కండక్టరు మా ఇద్దరికీ టికెట్లు కొట్టి డబ్బులు తీసుకుంటుంటే, తమాటా గంపతో కూర్చున్న ఒకామె నవ్వింది.

"యాల నవ్వుతావమ్మా?" అన్నాడు బావ.

"ఏం లేదప్పా. దుడ్డిచ్చినోళ్లు నిలబడుండారు, ఊరికే వచ్చినోళ్లం కూర్చోనుండాము."

ఏడుంబావుకు పుంగనూరులో దిగి, ఇడ్లీలు తిని, రెడ్డెప్ప మేస్త్రి షెడ్డుకు నడిచాం. రెడ్డెప్ప ముప్పై ఏళ్లుగా సంతకు పశువులను తోలే లారీలకు బాడీలు కడుతున్నాడు. బావ తెచ్చిచ్చిన పాత లారీని కోసి, వెనకకు వాలే ఇనుప పలక బిగించి, బండిని పైకి లాగే మోటారు, ఇనుప తాడు పెట్టాడు. పని గట్టిదే. కాకపోతే చేతికి అలవాటైన పని ఎక్కడికి పోతుంది? పలకకు రెండు పక్కలా పశువుల పలుపులు కట్టే రింగులున్నాయి. వెనక ఆవూ దూడా బొమ్మ ఉంది. పలక మీద కింది నుంచి పైదాకా అడుగుకొక అడ్డకమ్మీ, వేలెత్తున వెల్డింగ్ చేసి ఉంది.

"ఈ కమ్మీలు ఎందుకప్పా?" అన్నాడు బావ.

"గిట్టలు జారకుండా."

"కారుకు గిట్టలు యాడుండాయి?"

రెడ్డెప్ప తొణకలేదు. "ఎద్దు కాలే జారదంటే టైరు జారతాదా? సూడు," అని తన మోపెడ్‌ను పలక మీదికి ఎక్కించి, దించి చూపించాడు. కమ్మీలు కోయాలంటే ఒక పూట పడుతుందన్నాడు. కుప్పంలో ఇందిరమ్మగారు పది నుంచి ఎదురుచూస్తుంటారు. బావ గడియారం చూసుకుని, "పోనీలే" అన్నాడు. గడ్డి కూడా వేయించుకుని పోదామా అన్నాను నేను. బావ నవ్వలేదు.

ఎనిమిదిన్నరకు బయలుదేరి పలమనేరు, వి.కోట మీదుగా వెళ్లాం. బావ నలభై దాటనివ్వలేదు. మమ్మల్ని ఆటోలు దాటిపోయాయి, పాల వ్యాను దాటిపోయింది, ఒక ట్రాక్టరు దాటిపోతూ హారన్ కూడా కొట్టింది. ఈ దారిలో వెళ్లేవాళ్లు వి.కోటలో ఆగి రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి తినండి. మాకు పది గంటలకే దొరికింది. శాంతిపురం దాటాక తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీ అంగడి ముందు కలిసి కూర్చుంటాయి.

పదకొండున్నరకు కుప్పం చేరాం. ఇందిరమ్మగారు లారీని చుట్టూ తిరిగి చూశారు.

"ఏం నాయనా, నా కారు పాలిస్తాదనుకుంటివా?"

బావ పలక దించి, తాడు తగిలించి, మోటారు వేశాడు. అంబాసిడర్ పెళ్లికూతురిలా నెమ్మదిగా కదిలింది. ముందు చక్రాలు పలక అంచుకు వచ్చేసరికి కీచుమంది. బావ మోటారు ఆపి వంగి చూశాడు. బంపరు కింది అంచు మొదటి కమ్మీకి రాసుకుని, నాలుగు వేళ్ల పొడుగున తెల్లరంగు లేచిపోయింది. మోపెడ్‌కు బంపరు ఉండదన్న సంగతి రెడ్డెప్పతో కలిపి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు, లెక్కల అయ్యవారితో సహా.

చక్రాల కింద చెక్కలు పెట్టి, ఎత్తు చేసి, మళ్లీ ఏ చప్పుడూ లేకుండా ఎక్కించాడు. దిగి వచ్చి ఇందిరమ్మగారికి గీత చూపించి, అక్క షరతు సంగతి చెప్పాడు. ఆమె కారుకున్న మిగతా గీతలు వేలితో చూపించారు.

"ఇది మా గేటుది. ఇది నేను డ్రైవింగు నేర్చుకునేటప్పటిది. నీది గూడా ఒకటి ఉండనీ. మీ ఇంట్లో ఆమె పెట్టిన షరతా? నేనేం సెప్పనులే."

రెండింటికి కుప్పం వదిలాం. దారి పొడుగునా నేను బావకు ఒకటే నూరిపోశాను. గీత కింద అంచులో ఉంది, అది పాతదంటే అక్క నమ్ముతుంది, టీచరమ్మ కూడా మనవైపే. బావ ఊ కొట్టాడు. నాలుగున్నరకు గంగవరం దగ్గర టీకి ఆగినప్పుడు అక్క ఫోన్ చేసింది. బావ స్పీకరు పెట్టాడు.

"గీత పడలా గదా?"

లేదను అన్నట్టు నేను కళ్లతో సైగ చేశాను. బావ టీ గ్లాసు కింద పెట్టాడు.

"పడింది సుజాతా. కమ్మీల మీద అనుమానముండి కూడా తొందరపడినా. తప్పు నాదే."

అటువైపు అక్క ఫోన్ పెట్టేసింది. నాకు బావ మీద ఒళ్లు మండింది. ఒక్క అబద్ధానికి ఇంత కరువా! కాసేపటికి ఆ కోపం పోయి సిగ్గు పట్టుకుంది. మళ్లీ లారీ ఎక్కినప్పుడు, ఆ బస్సు ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందో లేదో అన్నాడు బావ. ఆ మాట విని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పుంగనూరు చేరేసరికి ఐదున్నర. ఊళ్లోకి రాగానే అక్క మళ్లీ ఫోన్ చేసింది. బావ లారీ పక్కకు తీసి ఆపి, ఫోన్ ఎత్తి స్పీకరు పెట్టాడు.

"మా కాలేజీలో పనిచేసే ఒక సారుది కారు అంగళ్లు ఊరి కాడ నిలిచిపోయుండాదంట. రేపు తేవాల. నీ నంబరిచ్చినా."

"నా నంబరా?" అన్నాడు బావ.

"గీతలు పడకుండా తెస్తాడా అని అడిగినాడు. పడితే దాసిపెట్టే మనిషి కాదు సార్, ఆయనే ఫోన్ చేసి సెప్తాడు అని సెప్పినా. బస్సు కంపెనీకి నేనే సెప్తాలే, రాడని."

బావ సరేనని ఫోన్ జేబులో పెట్టుకుని, లారీని మళ్లీ రోడ్డెక్కించాడు. మదనపల్లె ఇంకా ముప్పై కిలోమీటర్లుంది. ఆ రోజు మొత్తం మీద బావను ఏడిపించకుండా నేను కూర్చున్నది ఆ ముప్పై కిలోమీటర్లే.