చివరి కవితతో మార్టూరు దాకా

ఉదయం ఆరుంబావుకి గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సెక్కాను. సంచిలో నా పుస్తకం ప్రూఫు కాపీ, డజను బత్తాయిలు, భుజాన తువ్వాలు. బత్తాయిలు గట్టిగా బేరమాడి కొన్నవే. సీట్లో కూర్చుని చూసుకుంటే మూడు మెత్తబడి ఉన్నాయి. మా నాన్న మిర్చి యార్డులో నలభై ఏళ్లు వ్యాపారం చేశాడు. ఆయన కొడుకు పళ్లబండి దగ్గరే ఓడిపోతాడు.

పుస్తకం బేస్‌బాల్ మీద కవితలు. ఇద్దరు ప్రచురణకర్తలు "క్రికెట్ అని మార్చండి, అప్పుడు చూద్దాం" అన్నారు. చివరికి మా పేటలో ప్రెస్సు నడిపే రావుగారు, ఖర్చు నాదే కాబట్టి, సరేనన్నారు. "ఎల్లుండి పొద్దున అచ్చుకెక్కిస్తాను. చివరి కవితలో మనిషి బతికే ఉన్నాడంటున్నారుగా, ఒకసారి చూపించి రండి. తర్వాత గొడవలొద్దు" అన్నారు. అందుకే ఈ ప్రయాణం.

ఆ మనిషి మస్తాన్. కాలేజీ జట్టులో నేను బంతి విసిరేవాణ్ణి. అతను బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని పట్టేవాడు. ఏ బంతి వెయ్యాలో పట్టేవాడు వేళ్లతో సైగ చేస్తాడు, విసిరేవాడు అదే వెయ్యాలి. మా సైగలు యార్డువి. మా చిన్నప్పుడు అక్కడ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్లు. పక్కన నిలబడ్డవాడికి కూడా తెలిసేది కాదు. మస్తాన్ వాళ్ల నాన్న మా కొట్టుకి బస్తాలు మోసేవాడు. ఇద్దరం ఆ లెక్క అక్కడే నేర్చుకున్నాం.

ఏడున్నరకి చిలకలూరిపేట. బస్సు పది నిమిషాలు ఆగింది. టీ తాగి వచ్చేసరికి పక్క సీట్లో ఒక పెద్దాయన, కాళ్ల దగ్గర ఎండు మిరప మచ్చు సంచి. బస్సులో సగం మంది తుమ్ముతున్నారు.

"ఏంటండీ చదువుతున్నారు?"

"బేస్‌బాల్ మీద కవిత్వమండి. క్రికెట్ లాంటిదే, బ్యాట్ గుండ్రంగా ఉంటుంది."

"గుండ్రంగా ఉంటే దుడ్డుకర్ర అంటారు గానీ బ్యాటేంటండీ!" ఆయన నవ్వి, సంచి వైపు చూసి ఆపేశాడు. "నల్లతామర పురుగు తగిలి మూడెకరాల తోట పీకేశా. ఈ సంచిలో ఉన్నదే పంట. మామీద కూడా ఒకటి రాయండి."

రాస్తానన్నాను. రాయనని ఇద్దరికీ తెలుసు.

చివరి కవిత మళ్లీ చదువుకున్నాను. రాష్ట్ర పోటీల ఫైనలు, స్కోరు సమం, అవతలి జట్టువాడొకడు మూడో బేస్ మీద పరుగుకి సిద్ధంగా ఉన్నాడు. బంతి మస్తాన్‌ని దాటి వెనక వలకి తగిలింది, వాడు పరుగెత్తి గెలిచేశాడు. కవిత ఇలా ముగుస్తుంది: 'మస్తాన్ చెయ్యి ఆలస్యమైంది.' ఆ బంతితో అతనికి రాష్ట్ర జట్టులో చోటు పోయింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశా పోయింది. తర్వాత ఇరవై రెండేళ్లు మార్టూరులో గ్రానైటు పాలిష్ చేశాడు.

ఆ వాక్యం అబద్ధం. అది అచ్చయ్యేందుకు అతని చేత సరేననిపించుకుందామనే బత్తాయిలు కొన్నాను.

ఎనిమిదింబావుకి మార్టూరులో దిగాను. ఆటోవాడు ఎనభై అన్నాడు, అరవైకి దింపాను. పాలిషింగ్ యూనిట్ల మధ్య రోడ్డు, తుమ్మచెట్లు, కుక్కలు, అన్నిటి మీదా ఒకే తెల్లదుమ్ము. ఆ దుమ్మే మస్తాన్ ఊపిరితిత్తుల్లో ఉందని డాక్టర్లు చెప్పారట.

రేకుల ఇల్లు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో మస్తాన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు, పడుకుంటే ఊపిరాడదు. "ఒరేయ్... లావయ్యావు" అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు.

అతని భార్య ఖాశింబీ టీ ఇచ్చి, ప్రూఫు తీసుకుని చివరి కవిత పైకి చదివింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి తలూపింది.

"నిజమే రాశారన్నయ్యా. ఆ ఒక్క బంతి పట్టుంటే ఈయన ఖాకీ బట్టలేసుకుని ఉండేవాడు. పెళ్లైన కాణ్ణుంచీ దెప్పుతూనే ఉన్నా. ఒక్కనాడూ నోరు తెరవడు."

మస్తాన్ నా భుజం మీది తువ్వాలు లాగాడు. దాని కింద నా చెయ్యి పట్టుకుని రెండు వేళ్లు నా అరచేతిలో పెట్టాడు. ఆనాడు అతను చూపించినవి ఆ రెండే. రెండంటే కిందికి జారే బంతి. గ్లవ్ అక్కడే, నేల దగ్గర పెట్టుకున్నాడు. నేను వేగంగా ఎత్తులో వేశాను. మా ఇంట్లో మొదట చెప్పిన ధరకి ఎవరూ ఒప్పుకోరు. సైగని కూడా నేను ధరే అనుకున్నాను.

"ఏమంటున్నాడన్నయ్యా?" అంది ఖాశింబీ.

బాగుందంటున్నాడని చెబితే సరిపోయేది. ఆమె నమ్మేది.

"ఆయన తప్పు కాదమ్మా. ఆయన అడిగిన బంతి వేరు, నేను వేసింది వేరు. ఎవరు పట్టినా అంతే."

ఆమె నా వంక చూడలేదు. మొగుడి వంక చూసింది. "ఇన్నేళ్లు పడ్డావే. ఒక్క మాట చెప్పి చావొచ్చుగా?"

"తువ్వాలు కింద మాట," అన్నాడు మస్తాన్, ఊపిరి తీసుకుంటూ, "పైన... చెప్పరు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది. మస్తాన్ కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఖాశింబీ, "పుస్తకం తొందరగా తెండన్నయ్యా. డాక్టరు నెల కూడా చెప్పట్లేదు" అంది. బత్తాయిల మాట ఎవరూ ఎత్తలేదు.

పదకొండున్నరకి గుంటూరు బస్సు దొరికింది. మార్టూరు వెళ్లేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డ అరగంటలోనే నా గొంతు గరగరలాడింది. మనిషి అక్కడ ఇరవై రెండేళ్లు పనిచేశాడు. బస్సులో, కవితలో బంతి మస్తాన్‌ని దాటిన దగ్గర్నుంచీ కొట్టేసి, కొత్త ముగింపు ప్రూఫు వెనక రాసి రావుగారికి ఫోన్ చేశాను. ఆయన రాసుకుని తిరిగి చదివారు.

"'మస్తాన్ రెండు వేళ్లు చూపించాడు. నేను బేరమాడాను.' అంతేనా? జనం మిమ్మల్ని తిట్టుకుంటారేమోనండీ."

"తిట్టుకోనివ్వండి. అచ్చు మాత్రం రేపే."

"మరి ఆట ఏమైందో లేదేంటి?"

తుమ్ముకి అడ్డం పెట్టుకుందామని భుజం తడుముకున్నాను. తువ్వాలు లేదు. అతని చేతి మీదే ఉండిపోయింది.

"ఓడిపోయాం," అన్నాను. "అది కూడా వెయ్యండి."