రాజవ్వను చంపింది నేనే

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువైనదే. బయటపెడితే మీరు నవ్వుతారేమోనని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అది ఒక సీరియల్ గురించి. అందులోనూ అంతరిక్షం సీరియల్. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

అప్పుడు మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. నేను కామారెడ్డిలో డిగ్రీ చదివేదాన్ని. పొద్దున బస్సెక్కి ఫోన్‌లో ఆ సీరియల్ పెట్టుకుంటే లింగంపేట ఎప్పుడు దాటిందో తెలిసేది కాదు. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి, మిగతా సగం కింద వచ్చే అక్షరాల్లో చదువుకునేదాన్ని. కాలేజీలో దాని గురించి మాట్లాడడానికి ఎవరూ లేరు. ఇంట్లో అసలే లేరు. ఉన్నదల్లా పక్కింటి అక్క. ఇక్కడ ఆమెను సుజాత అంటాను.

సుజాతక్క అత్తగారింటి నుంచి వచ్చేసి చాలా ఏళ్లయింది. ఎందుకు వచ్చిందో వాడకట్టులో ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు, ఆమె మాత్రం ఏమీ చెప్పేది కాదు. ఒక్కతే ఉండేది, బీడీలు చుట్టేది. సాయంత్రం నేను మా అమ్మ బీడీల చాట తీసుకుని ఆమె అరుగు మీదికి వెళ్లేదాన్ని. బీడీలు చుట్టేటప్పుడు చేతులూ కళ్లూ ఆకు మీదే ఉండాలి. ఖాళీగా ఉండేవి చెవులే. అందుకని మా దగ్గర ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. నేను ఆ సీరియల్ చెప్పడం మొదలుపెట్టాను.

ఇంగ్లీషు పేర్లకు అక్క నోరు తిరగలేదు. రెండో రోజుకే అందరికీ పేర్లు మార్చేసింది. ఓడ నడిపే పెద్దమనిషి పోశెట్టి. ఊరికే లెక్కలు చెప్పే మరమనిషి సాయిలు. అందరూ వెళ్లిపోయాక ఆకాశంలో పాడుబడిన స్టేషన్‌లో ఒక్కతే చిక్కుకుపోయిన మెకానిక్ ఆవిడకు మాత్రం తన అమ్మమ్మ పేరు పెట్టుకుంది. రాజవ్వ. విరిగినవన్నీ బాగుచేసుకుంటూ, డబ్బాలో ఒక మొక్క పెంచుకుంటూ, రాజవ్వ రోజుకోసారి రేడియో ముందు కూర్చుని "ఎవరన్న ఉన్నరా?" అని అడుగుతుంది. జవాబు రాదు. మర్నాడు మళ్లీ అడుగుతుంది. రాజవ్వ ఏం తిన్నదో చెప్పడం నేను మరిచిపోతే అక్క ఊరుకునేది కాదు.

ఆ సాయంత్రాలంత మంచి రోజులు నాకు మళ్లీ రాలేదు. మరి వాటిని నేనే ఎందుకు పాడుచేసుకున్నాను?

అసూయ. ఇంకో మాట వెతికి చూశాను, దొరకలేదు.

నా దగ్గర విన్న కథను అక్క కార్ఖానాలో చెప్పేదట. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఆడవాళ్లు వరుసలో కూర్చుంటారు కదా, అక్కడ. ఒకసారి అమ్మకు బదులు నేను వెళ్లాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. అక్క చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని వింటున్నారు. సాయిలు నడక నడిచి చూపిస్తోంది. రాజవ్వ గొంతుతో "ఎవరన్న ఉన్నరా?" అంటే వెనక వరుసలోని ముసలామె "ఉన్నం బిడ్డా" అని కళ్లు తుడుచుకుంది. నేను చెప్పిన కథే. కానీ నేను ఒక్కనాడూ అలా చెప్పలేదు. "సదువుకున్న పిల్ల కన్న నువ్వే మంచిగ చెప్తవే" అని ఎవరో అన్నారు. అక్క అక్షరం ముక్క రాని మనిషి. చదువుకున్నదాన్ని నేను. ఆ రెండు మాటలూ ఇంటిదాకా నా వెంట వచ్చాయి.

మర్నాడు బస్సులో చూసిన భాగంలో రాజవ్వ రేడియోకి జవాబు వచ్చింది. ఉన్నాం, వస్తున్నాం అని. బస్సులోనే ఏడ్చాను. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, రాజవ్వ చనిపోయిందని చెప్పాను.

అక్క చేతిలో బీడీ ఆగిపోయింది. "ఆఖరికి ఎవ్వలు పలుకలేదా?" అంది. పలకలేదన్నాను. నానబెట్టిన ఆకు అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడే వెనక నుంచి పిలిచి ఉండాల్సింది. పిలవలేదు. పైగా, నిజం చెబుతున్నాను, నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది.

అక్క ఆ చావును కూడా కార్ఖానాలో చెప్పింది. అందరూ ఏడ్చారట.

కొన్ని నెలలకు ఆ సీరియల్ తెలుగులో వచ్చింది. సదాశివనగర్ నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు పిల్ల ఒకతి మొత్తం చూసిందట. కార్ఖానాలో అందరి ముందూ, రాజవ్వ చావదు, ఇల్లు చేరుతుంది అని చెప్పేసింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అక్క ఏమాత్రం బెదరకుండా, ధీమాగా నా వైపు తిరిగింది.

"చెల్లే, రాజవ్వ సచ్చిపోయిందని నువ్వే గద చెప్పినవ్?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్క మాట అంటే అయిపోయేది.

"నేనెప్పుడు చెప్పిన అక్కా? ఇంటికొస్తదనే చెప్పిన."

"అరుగు మీద... ఆకు సుత నానవెట్టి ఉండె..."

"లేదక్కా. నువ్వే మార్చి చెప్పినట్టున్నవ్."

ఆడవాళ్లు నవ్వారు. "ఉత్తగనే మమ్మల్ని ఏడిపించినవ్ గదనే" అన్నారు. కోపంతో కాదు, ఆటపట్టించడానికే. అక్క నా మీద అరిచి ఉంటే బాగుండేది. ఆమె నన్ను నమ్మింది. "గట్లనా? అయితే నాకే యాది తప్పినట్టున్నది" అంది మెల్లగా.

ఆ తర్వాత అక్క కథలు చెప్పడం మానేసింది. ఎవరైనా అడిగితే తనకు సరిగా గుర్తుండదనేది. అంతటితో పోలేదు. పాతిక బీడీలు పెట్టి కట్ట కట్టేముందు పక్కవాళ్ల చేతికిచ్చి లెక్కపెట్టమనేది. ఎన్నో ఏళ్లుగా చూడకుండానే కట్టలు కట్టిన మనిషి. ఒకరోజు నా చేతికే ఇచ్చింది. లెక్కపెట్టాను. సరిగ్గా పాతికే ఉన్నాయి. "సరిపోయినయి అక్కా" అన్నాను. చెప్పాల్సిన అసలు మాట అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు కామారెడ్డిలో ఉద్యోగం, అద్దెగది. గోడకు పెద్ద టీవీ. అంతరిక్షం సీరియళ్లు ఏవి వచ్చినా చూస్తాను. ఓడ నడిపేవాడు కనిపిస్తే పోశెట్టి అంటాను, మరమనిషి వస్తే సాయిలు అంటాను. గదిలో పలికేవాళ్లు ఉండరు. ఎల్లారెడ్డి గంట దూరం. వెళితే అక్క చాయ్ పెడుతుంది, కొత్త కథ ఏమైనా చూస్తున్నావా అని అడుగుతుంది. లేదంటాను. అదీ అబద్ధమే.

ఎదురుగా ఎందుకు చెప్పలేను? ఆమె క్షమించేస్తుందని భయం. ఏడేళ్లు తన బుర్రను తాను అనుమానించుకున్న మనిషి, ఒక్క చాయ్ తాగేలోపు నన్ను క్షమించేస్తే, ఆ తర్వాత నేను ఏ మొహంతో ఉండాలి?

అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను. సుజాత ఆమె పేరు కాదు. నా పేరు ఎలాగూ లేదు. ఆమెకు చదవడం రాదు. కానీ బీడీలు చుట్టే చోట ఎవరో ఒకరు ఏదో ఒకటి చదివి వినిపిస్తూనే ఉంటారు. వాళ్లలో ఎవరి చేతికైనా ఇది చేరితే పైకి చదవండి. ఒక్క పేరు మాత్రం నేను మార్చలేదు, రాజవ్వ పేరు. అది వింటే ఆమె చేతిలో బీడీ ఆగుతుంది.

అక్కా, నీకు యాది తప్పలేదు. రాజవ్వ చచ్చిపోయిందని నేనే చెప్పిన.