అక్క బడికి పోయిన పొద్దు

మొన్న కోడలు నువ్వులూ బెల్లమూ మిక్సీలో తిప్పుతుంటే, ఆ వాసనకు శ్రీకాళహస్తిలోని మా ఇంటి వసారా కళ్ల ముందుకొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. తీపి తినడమే అరుదు. అలాంటప్పుడు అక్క పెద్దమనిషైందని కొత్త చాప మీద కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి ఆడమనిషీ నువ్వుల చిమ్మిలి ముద్దలు తినిపిస్తుంటే నాకు కడుపు మండిపోయింది. పైగా తనకు పట్టుపావడా కూడా కుట్టించారు.

"నన్నెప్పుడు కూసోబెడతావవ్వా?" అని అడిగాను.

"నువ్వు గూడా పెద్దమనిషివైతే కూసుందువులే," అని అవ్వ నవ్వింది. తొందరగా పెద్దవుదామని నేను ఆ పూట మారు అన్నం పెట్టించుకున్నాను.

తలకు పోసి అక్కను ఇంట్లోకి తీసుకున్నాక, నాయన అరుగు మీద కూర్చుని, "ఇంక బడి సాలుమ్మా. మన ఇండ్లల్లో ఆ ఆచారం లేదు," అన్నాడు.

అక్క మరునాడు పొద్దున్నే పుస్తకాలు తీసుకుని వీధిలోకి దిగింది. అరుగుల మీద వాళ్లంతా మాటలాపి చూశారు.

"పోయొస్తా నాయనా. నిలిపేదుంటే అందరి ముందరా నిలుపు," అంది.

నాయన అరుగుల మీద వాళ్లందరినీ ఒకసారి చూశాడు. "పొద్దుగూకకముందే రా," అన్నాడు చివరికి.

వీధంతా తననే చూస్తోందని నాకు మళ్లీ కుళ్లు.

కొన్నేళ్లకు నా వంతు వచ్చింది. చాప, పావడా, చిమ్మిలి అన్నీ అయ్యాక నేనూ పుస్తకాలు పట్టుకుని బయల్దేరాను. ఎవరూ తలెత్తి చూడలేదు. అక్కకు దక్కింది నాకు దక్కలేదని దారంతా ఉడుక్కున్నాను. ఆ చూపులన్నీ తనే ముందు భరించేసిందని అర్థమయ్యేసరికి నాకే కూతుళ్లు పుట్టారు.