మూలంలో లేని గీత

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వేరే పని చూసుకునే మనిషిని నేను. గజ్జెల చప్పుడన్నా, గోడమీద నీడన్నా, పూనకమన్నా నాకు చిరాకే. ముప్పై ఏళ్ళు డ్రాయింగ్ ఆఫీసులో పనిచేశాను. కొలతకు అందని మాట నాకు మాట కాదు. ఎనభై దాటిన ఈ వయసులో కూడా నా మందుల డబ్బా నేనే సర్దుకుంటాను, ఇంకొకరి చేతిని నమ్మను.

నేను చెప్పబోయేదాంట్లో దయ్యం లేదు. ఎవరూ కనబడలేదు, ఎవరూ పిలవలేదు. జరిగిందంతా పట్టపగలే జరిగింది. అందులో ఉన్నదల్లా ఒక గీత.

1974లో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ట్రేసర్‌గా ఉండేదాన్ని. ట్రేసర్ అంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. పెన్సిలుతో గీసిన డ్రాయింగు మీద పల్చటి ట్రేసింగ్ క్లాత్ పరిచి, అంచులకు పిన్నులు గుచ్చి, కింద కనిపించే గీతల మీదుగా నల్లసిరాతో మళ్ళీ గీసే మనిషి. ఆ క్లాత్ నుంచే ప్రింట్లు తీస్తారు. ఈ పనికి తెలివి అక్కర్లేదని వెక్కిరించేవాళ్ళు ఉండేవారు. నన్నడిగితే తెలివిని పక్కన పెట్టగలగడమే ఆ పని. కింద తప్పుంటే తప్పే గీయాలి. కింద లేనిది పైన ఒక్క చుక్క ఉండకూడదు.

మా ఫ్యాక్టరీ క్లబ్బు వాళ్ళు ప్రతి చలికాలం ఒక ఆదివారం ఏనుగుగుట్ట ఎక్కేవారు. లింగంపల్లిలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కి, శంకరపల్లి దాటాక ఒక చిన్న స్టేషనులో దిగి, పొలాల్లో నడిచి గుట్ట చేరాలి. నున్నటి రాతిగుట్ట. ముందువైపు తాళ్ళు కట్టుకుని మగవాళ్ళు ఎక్కేవారు. శిఖరం మీద బండకు తెల్లరంగుతో ఆ ఏడాది అంకెలు రాసి వచ్చేవారు. ఆడవాళ్ళం మేమూ వస్తామని ఆ ఏడు నేను అడిగాను.

క్లబ్బు సెక్రటరీ నవ్వాడు. "ఎందుకండీ మీకు శ్రమ? కింద చెట్టు నీడన కూర్చుని పులిహోర కలిపి ఉంచండి. మేం దిగేసరికి ఆకలి మీద ఉంటాం."

నా పక్కన యాదమ్మ ఉంది. మాదాపూర్ మనిషి, తీగలు చుట్టే వైండింగ్ సెక్షన్లో పని. ఆమె ఊరుకోలేదు. "మా పులిహోర మేం గుట్టమీద తింటం సారూ. మీకు ఆకలైతే ఇంటికెల్లి తెచ్చుకోండ్రి."

మాట పెరిగింది. చివరికి సెక్రటరీ ఒక షరతు పెట్టాడు. ఆడవాళ్ళం విడిగా వెళ్ళి, శిఖరం మీద అంకెలు రాసి, ఆ సాయంత్రం బండికే తిరిగి రావాలి. వస్తే వచ్చే ఏటి నుంచి క్లబ్బు ప్రయాణాలన్నిటికీ ఆడవాళ్ళ పేర్లు రాసుకుంటారు. శిఖరం అందకపోయినా, బండి తప్పినా, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఒప్పుకున్నాను. టైపిస్టు సుశీల కూడా చేరింది. ముగ్గురం.

ఆదివారాలు మాదాపూర్ వెనక బండల మీద సాధన చేశాం. ఇవాళ అద్దాల మేడలున్న చోటనే. అప్పుడు అక్కడ రాళ్ళు, సీతాఫలం పొదలు, మేకలు తప్ప ఏమీ లేవు. చీరలు గోచీ పోసి కట్టుకుని, కాన్వాసు బూట్లతో ఎక్కి దిగేవాళ్ళం. సుశీల మొదటిరోజు సగంలో కూర్చుని ఏడ్చింది. నాలుగో ఆదివారానికి మాకంటే ముందుండేది.

కాళ్ళు సిద్ధమయ్యాయి. లెక్కే కుదరలేదు. తాళ్ళ దారి మాకు రాదు. మిగిలింది ఉత్తరం వైపు దారి, గుట్టంతా చుట్టి పోతుంది. స్టేషను నుంచి నడక, ఎక్కడం, దిగడం, మళ్ళీ నడక, ఎన్నిసార్లు కూడినా సాయంత్రం బండికి గంటంబావు ఆలస్యం. అన్నం తినే వేళ తీసేసి చూశాను. అయినా చాలలేదు.

మా చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ కృష్ణమూర్తిగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో రాతి తవ్వకాల కోసం ఆ గుట్టను సర్వే చేసిన బృందంలో ఉన్నారట. అప్పటి పెద్ద స్కేలు పటం ఒకటి ఆయన దగ్గర ఉంది. "పటం చిరిగిపోయేలా ఉందమ్మా, కొండకు తీసుకెళ్ళొద్దు. ట్రేస్ చేసుకో" అని ఇచ్చారు. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం వేళ కూర్చుని ట్రేస్ చేశాను. అందరూ అటూ ఇటూ తిరుగుతున్న గదిలో, కిటికీ వెలుతురులో. మైకం రాలేదు, కునుకు రాలేదు. ఎప్పటిలాగే కింది గీతను చూశాను, పైన గీశాను. పని ముగిశాక మూడు ప్రింట్లు తీయించాను.

ఆ సాయంత్రం నా బల్ల దగ్గర చూసుకున్న ప్రింటులో తూర్పు వైపు ఒక కాలిబాట కనిపించింది. విడివిడి ముక్కల గీత, కాలిబాటకు మేం వాడే గుర్తే. గుట్ట మొదటి నుంచి శిఖరం దాకా ఉంది. ఇంత దగ్గరి దారి పటంలో ఉంటే మూడు రోజులు గీస్తూ కూడా నాకెందుకు తట్టలేదనుకున్నాను. మళ్ళీ లెక్క వేశాను. బండికి అరగంట ముందే స్టేషనులో ఉంటాం. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు ట్రేసింగును కృష్ణమూర్తిగారికి ఇచ్చాను. సొంత పని అయినా సరే, తనిఖీ కాని డ్రాయింగు మా ఆఫీసు దాటకూడదని ఆయన పద్ధతి, నా పద్ధతి కూడా. ఆయన పటాన్నీ ట్రేసింగునూ పక్కపక్కన పెట్టుకుని, సరిచూసిన ప్రతి గీత మీదా ప్రింటులో పసుపు పెన్సిలు గీస్తూ వచ్చారు. గంట తర్వాత పిలిచారు.

"ఈ దారి ఎక్కడిదమ్మా?"

పటం తీసి చూశాను. తూర్పు వైపు ఖాళీగా ఉంది. ఎత్తు చూపే గీతలు తప్ప ఏమీ లేవు.

ట్రేసింగును మళ్ళీ పటం మీద పరిచాం. గీత మీద గీత వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది, ఆ ఒక్కటి తప్ప. దాని కింద తెల్ల కాగితమే ఉంది. మడత గీత అనుకుందామంటే మడత అక్కడ లేదు. పటం వెనక ఏమైనా ఉందా అని తిప్పి చూశాం. ఏమీ లేదు. ఇంకెవరైనా గీశారేమో అనుకుందామంటే ట్రేసింగు నా డ్రాయరులోనే తాళం వేసి ఉంది. పైగా ముక్కల గీత ఎవరు గీసినా వాళ్ళ చేతి వరస తెలిసిపోతుంది. నేను ప్రతి ముక్క చివర పెన్ను కాస్త ముందే ఎత్తుతాను. అది నా చేయే.

"ఆ పక్కకు మేం పోనే లేదు. కింద నుంచి చూసి ఎత్తులు వేశాం" అన్నారాయన. పసుపు పెన్సిలు పక్కన పెట్టి, "అలసిపోయావేమో, సెలవు పెట్టు" అన్నారు. నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తనిఖీ గడిలో సంతకం పెట్టకుండా ట్రేసింగు తిరిగి ఇచ్చారు.

తోడు వచ్చేవాళ్ళకు చెప్పకుండా ఉండడం తప్పు. మరునాడు క్యాంటీనులో ఉన్నదున్నట్టు చెప్పాను.

సుశీల గ్లాసు కింద పెట్టింది. "అంటే లేని దారిలో పోదామంటారాండీ?"

"ఉందో లేదో పోతే తెలుస్తది" అంది యాదమ్మ. "లేకుంటే ఎనకకొస్తం. గుట్ట ఏమన్న ఉరుకుతదా?"

"వెనక్కొస్తే ఓడినట్టే కదే!"

"పోకుంటే ఇంకా ఓడినట్టే. జర సోచాయించు."

నేను ఒక నియమం పెట్టాను. గుట్ట మొదట్లో బాట కనబడితే ఎక్కుతాం. కనబడకపోతే వెతుక్కుంటూ ప్రాణం మీదికి తెచ్చుకోకుండా తిరిగి వచ్చేస్తాం. కనబడితే మాత్రం గీత ఎటు పోతే అటే. మధ్యలో ఎవరి తెలివీ వాడకూడదు. ట్రేసర్ నియమం అదే.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాం. గుట్ట తూర్పు మొదట్లో మేకలు కాసే ఒకామె కనిపించింది. ఇటు దారి ఉందా అని యాదమ్మ అడిగింది.

"తొవ్వ ఉన్నది గాని మేకలు పోతయి. మనుషులు పోరు. మీకేం పని బిడ్డా పైన?"

"రంగు పూసొస్తం పెద్దమ్మా."

"గుట్టకా? మీకు ఇండ్లు లేవా పూసుకోనీకి?" అని ఆమె పకపకా నవ్వింది.

బాట ఉంది. రెండు పెద్ద బండల మధ్య మొదలై, ప్రింటులో ఎలా ఉందో అలాగే మొదట కుడికి, తర్వాత ఎడమకు తిరిగింది. నేను ప్రింటు చేతిలో పట్టుకుని ముందు నడిచాను. మలుపు వచ్చే ముందే మలుపు చెప్పాను. నాలుగైదు మలుపులయ్యాక సుశీల నా మొహంలోకి చూడడం మానేసింది.

సగం పైన ఒక చోట ఎదురుగా వెడల్పాటి అరుగులాంటి రాయి తిన్నగా పోతోంది, ఒత్తుగా గడ్డి పెరిగి. గీత మాత్రం అక్కడ తిన్నగా లేదు. ఎడమకు తిరిగి, ఇరుకైన నెర్రెలోంచి పైకి పోయింది. ఆ నెర్రెలో పక్కవాటుగా తప్ప మనిషి పట్టదు.

"సీదా పోదాం అక్కా, మంచిగ వెడల్పున్నది" అంది యాదమ్మ.

నాకూ అదే మంచిదనిపించింది. అయినా వద్దన్నాను. గీత అటు లేదు. ఆమె విసుక్కుని చేతికర్రతో ఆ గడ్డిని బలంగా పొడిచింది. కర్ర సగానికి పైగా లోపలికి పోయింది. గడ్డి కింద రాయి లేదు. అంచు మీదుగా వేలాడిన వట్టి గడ్డి అది. పెళ్ళలుగా ఊడి కింద పడింది. ఎంతసేపటికీ చప్పుడు వినబడలేదు.

ముందు నేను నెర్రెలోకి దూరాను. మోచేతులు గీరుకుపోయాయి. భయం వేసింది కానీ కాళ్ళు ఆగలేదు. ఆగితే ఇక కదలవని తెలుసు. అక్కడి నుంచి శిఖరం దాకా ఎవరం కూర్చోలేదు.

పైన మగవాళ్ళ అంకెల వరస కింద మా ఏడాది రాసి, ముగ్గురి పేర్లూ రాశాం. నేను అక్షరాలు అచ్చులా రాస్తుంటే "తొందరగా రాయక్కా, అది డ్రాయింగ్ గాదు" అని యాదమ్మ అరిచింది. పులిహోర నిలబడే తిన్నాం. అదే బాటన దిగి, బండికి చాలా ముందే స్టేషను చేరి, బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

సెక్రటరీ మాట తప్పలేదు. తర్వాతి వారం మగవాళ్ళు గుట్ట ఎక్కి మా పేర్లు చూసి వచ్చారు. మా పేర్లు క్లబ్బు పట్టికలో చేరాయి.

గుట్ట దిగిన మర్నాడు, సోమవారమే కృష్ణమూర్తిగారి దగ్గరికి వెళ్ళి, దారి ఉందని చెప్పాను. ఇప్పుడు సంతకం పెడతారేమో అనుకున్నాను. ఆయన నా గీరుకుపోయిన మోచేతులు చూశారు. ట్రేసింగు చూశారు.

"దారి ఉంది, కాదనను. కానీ నువ్వు చూసి గీయలేదు కదమ్మా. చూడనిదానికి సాక్షి సంతకం ఎలా పెట్టను?"

ఆయన స్థానంలో ఉంటే నేనూ పెట్టేదాన్ని కాదు.

మరుసటి చలికాలానికి పదకొండు మంది ఆడవాళ్ళు పేర్లిచ్చారు. నా కాలు బెణికి నేను వెళ్ళలేకపోయాను, యాదమ్మ ముందుండి తీసుకెళ్ళింది. వాళ్ళ కోసం నేను కొత్త ట్రేసింగు వేశాను. ఈసారి ఆ బాటను కళ్ళతో చూసిన మనిషిగా, ప్రతి మలుపూ తలుచుకుని, పెన్సిలుతో గీసి సరిచూసుకుని, అప్పుడు సిరా పెట్టాను. పాతదాని మీద పరిచి చూస్తే రెండూ ఒక్క చోట తప్ప కలిశాయి. శిఖరానికి కాస్త కింద ఒరిగిన పెద్ద బండ ఒకటి ఉంది. పాత గీత దానికి ఎడమగా పోయింది. కొత్త గీత కుడిగా పోయింది. కుడివైపు నుంచే ఎక్కామని నాకు బాగా గుర్తు. ఆ రాతిని కుడిచేత్తో కాదు, ఎడమచేత్తో పట్టుకున్నానని కూడా గుర్తు. ఈసారి నేను చూసి గీసిందని కృష్ణమూర్తిగారు కొత్తదాని మీద సంతకం పెట్టారు. ఎందుకైనా మంచిదని యాదమ్మ చేతికి రెండు ప్రింట్లూ ఇచ్చాను.

సోమవారం ఆమె భోజనం వేళ నా బల్ల దగ్గరికి వచ్చింది. పదకొండు మందీ ఎక్కారు, బండికి అందుకున్నారు. సంతోషం చెప్పుకున్నాక, కొత్త ప్రింటు తీసి నా ముందు పెట్టింది.

"గా బండకు కుడిపక్క తొవ్వ లేదక్కా, వట్టి లోయ. ఎడమదిక్కుకెల్లే ఎక్కినం. నువ్వు చూసొచ్చి గీసింది పారెయ్. చూడకముందు గీసిందే మంచిగున్నది."

ముప్పై ఏళ్ళలో నేను వేసిన ట్రేసింగుల్లో తప్పులు లేకపోలేదు. ప్రతి తప్పుకూ కారణం చూపగలను. కొత్త గీతలో తప్పు ఎలా వచ్చిందో కూడా చెప్పగలను, నా జ్ఞాపకం మోసం చేసింది. పాత గీతలో ఒప్పు ఎలా వచ్చిందన్నదే ఈ రోజుకీ చెప్పలేను.