నలభై రోజుల ఆకుకూర

మట్టల ఆదివారం ఊరేగింపులో పాట మధ్యలో నాకు ఊపిరి అందలేదు. రాజోలు దగ్గర మా ఊరి చర్చి నుంచి కాలవ వంతెన ఎంతో దూరం కాదు. అయినా నడవలేక, చేతిలో కొబ్బరి మట్టతో గట్టు మీద కూర్చుండిపోయాను. ఉపవాసాల నీరసం అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఒకరు చెప్తే వినే అలవాటు లేదు. లేచి పాట పూర్తిచేశాను.

అది తొంభైల చివరి మాట. అంతకు నాలుగేళ్ల ముందు నా గుండెలో పాడైపోయిన మైట్రల్ వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉంటే దాని టిక్కుటిక్కు పక్కవాళ్లకీ వినిపించేది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. నేను ఒక్క పూట మరవలేదు.

ఆ మధ్యాహ్నం మావారు పక్కన కూర్చుని, “నీ గడియారం చప్పుడు వినబడ్డంలేదేంటే?” అన్నారు. ఎప్పుడూ వేళాకోళంగా అనే మాటే గాని, ఈసారి ఆయన ముఖం పాలిపోయింది. గంటలో కారు మాట్లాడి కాకినాడ బయల్దేరాం.

గుండెకి ఎకో స్కాన్ తీసి చూసిన డాక్టరుగారు, “వాల్వ్ మీద క్లాట్, అంటే రక్తపు గడ్డ, ఉందండి. ఒక రెక్క కదలడం లేదు. మాత్ర ఆపేరా?” అని అడిగారు.

“లేదండి.”

“తిండి మార్చేరా?”

“లెంట్ కదండీ, ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాలు. నీచు మానేసేను. రెండు పూటలా ఆకుకూరేనండి. తోటకూర, గోంగూర, మునగాకు.”

ఆయన పెన్ను పక్కన పెట్టారు. “ఆకుకూర నిండా విటమిన్ K అండి, రక్తం గడ్డకట్టడానికి కావలసింది అదే. దాని పని ఆపడానికే మీకు మాత్ర ఇచ్చింది. వేసుకున్న మాత్రని వేసుకున్నట్టే తిండితో కొట్టేసేరు.”

నాకు దేవుడి మీదే కోపం వచ్చింది. ఆయన కోసం చేసిన ఉపవాసానికి నాకిదా ఫలితం అనుకున్నాను. మందుతో కరగకపోతే మళ్లీ ఆపరేషన్ అన్నారు. ఒకసారి ఛాతీ ఎముక కోయించుకున్నదాన్ని, రెండోసారి కోయనివ్వకూడదని పళ్లు బిగబట్టి పడుకున్నాను. నా పట్టుదలకి కరిగిందని చెప్పను, గడ్డలు కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌కే కరిగింది. ఈస్టరు పండగ వార్డులోనే జరిగింది.

ఇంటికొచ్చాక ఆకుకూరని గడప తొక్కనివ్వలేదు. పెరట్లో మునగచెట్టు కొట్టించేశాను. చారులో కరివేపాకు కూడా ఏరి పారేసేదాన్ని. అలా ఆరేడేళ్లు. అయినా రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ ఒక చోట నిలిచేది కాదు. ఎవరింట్లోనైనా పప్పులో కాస్త పాలకూర పడితే చాలు, తలకిందులయ్యేది.

తర్వాత మోకాలి నొప్పికని ఎక్స్‌రే తీశారు. ఎముక పక్కన సన్నటి తెల్ల గీత కనిపించింది.

“రక్తనాళం గోడలో కాల్షియం పేరుకుందండి” అన్నారు కాకినాడ డాక్టరుగారు.

“పాలు ఎక్కువ తాగేనాండీ?”

“పాల తప్పేం లేదండి. విటమిన్ K ఉంటేనే పనిచేసే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. కొన్ని రక్తం గడ్డకట్టిస్తాయి. మాట్రిక్స్ గ్లా ప్రోటీన్ అని ఇంకొకటి ఉంది, అది నాళాల్లో కాల్షియం చేరకుండా కాపలా కాస్తుంది. మీ మాత్ర ఆ రెంటినీ ఆపుతుంది. దీనివల్లే ఈ గీత వచ్చిందని చెప్పలేనండి. మీకు వయసుంది, బీపీ ఉంది. పరిశోధనలు ఇంకా జరుగుతున్నాయి.”

“అయితే మాత్ర మానెయ్యనాండీ?”

“మానితే ఏమవుద్దో చూసేరు కదా. అసలు ఆకుకూర మానెయ్యమని నేనెప్పుడు చెప్పేనండీ? రోజూ ఒకే కొలత తినండి. దానికి తగ్గట్టు మాత్ర నేను సరిచేస్తాను.”

నిజమే, ఆయన చెప్పలేదు. భయంతో నేనే రాసుకున్న పథ్యం అది. ఆ రోజు నా మీద నాకే సిగ్గేసింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఒక కప్పు ఆకుకూర తింటాను, పండగైనా పథ్యమైనా అంతే. నెలనెలా రక్తపరీక్ష తప్పదు. ఐఎన్‌ఆర్ నిలకడగా ఉంది. తెల్ల గీత పోలేదు, దానితోనే నడుస్తున్నాను.

కిందటి లెంట్‌లో స్త్రీల కూటంలో లేచి, “ఈ పూట నేను చేపల పులుసు తిని వచ్చేనండి” అని చెప్పి, ఉపవాసాలకని తిండి ఎందుకు మార్చనో కూడా చెప్పాను. కొందరు మొహం తిప్పుకున్నారు. కూటం అయ్యాక ఒకావిడ దగ్గరికొచ్చింది.

“టీచరుగారూ, మావారిదీ వాల్వ్ మాత్రేనండి. మూడు వారాల్నించి మునగాకే పెడతన్నానండి.”

“ఆయాసముందా?”

“ఆయ్, మెట్లెక్కితే వస్తందండి. ఉపవాసం కదా అనుకున్నాం.”

వెంటనే ఆటో మాట్లాడి, ఆయన్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఐఎన్‌ఆర్ బాగా పడిపోయింది, రక్తం గడ్డకట్టే స్థితికి వచ్చేసింది. ఎకోలో మాత్రం వాల్వ్ రెండు రెక్కలూ కదులుతున్నాయి. ఆవిడ అక్కడే బెంచీ మీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఈ మాత్ర వాడే వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. దేవుడి కోసమైనా సరే, డాక్టరుకి చెప్పకుండా తిండి మార్చకండి.