ఒక్క ఖాళీ గడి

వానల మాస్టారు తెల్లారగానే, ముఖమైనా కడుక్కోకుండా మేడెక్కి, వాన కొలిచే వాతావరణ యంత్రం నెత్తినున్న అరచేతంత సోలార్ పలకను తువ్వాలుతో తుడుస్తారు. నిజానికి ఆయన మాస్టారు కాదు. కాలేజీ ల్యాబులో అటెండరుగా రిటైరయ్యారు. ఆ పేరు వీధివాళ్ల వెటకారం.

ఒక్కరోజూ తప్పకుండా పదేళ్ల వాన లెక్కలు రాసి తెస్తే లైబ్రరీలో పెడతామని ప్రిన్సిపాల్ ఆయనకు మాటిచ్చారు. పదేళ్లు నిండడానికి ఇంకా ఇరవై రోజులుందనగా ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున చూస్తే, యంత్రం ముందురోజే ఆగిపోయి ఉంది. లోపల ఆయన వేసిన లిథియం బ్యాటరీలు లేవు. ఎక్కడో వాడేసిన మామూలువి ఉన్నాయి.

"నేనే మార్చాను బావా," అన్నాడు బావమరిది తాపీగా. "గోడ గడియారానికీ రిమోటుకీ కావాల్సొచ్చాయి. దానికి సోలార్ ఉందిగా?"

"సోలార్ ఎండలో సాయం చేస్తుందంతేరా! ముసుర్లో, చీకట్లో మోసేది బ్యాటరీలే."

"ఒక్కరోజుకే ఇంత రాద్ధాంతమా? అంచనాగా ఓ అంకె వేసెయ్యండి. ఎవరు చూడొచ్చారు?" అంది భార్య.

ల్యాబులో లెక్చరర్లు అలాగే అంకెలు వేస్తుంటే ఆయన ముప్పై ఏళ్లు నోరు మూసుకుని చూశారు. తన పుస్తకంలో మాత్రం యంత్రం ఆగిన రోజు గడిని ఖాళీగానే వదిలేశారు.

పదేళ్లూ నిండాక తీసుకెళితే, ప్రిన్సిపాల్ వేలు సరిగ్గా ఆ గడి మీదే ఆగింది.

"ఇన్నేళ్లు రాసి ఇదొక్కటీ వదిలేస్తే ఎలాగయ్యా?" అంటూ పుస్తకాలు వెనక్కి తోసేశారు.

లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలైంది. ఆయనకిప్పుడు డెబ్భై మూడేళ్లు.